ఇటుక కింద 3,950

ఉదయం 8:22.

బాన్సువాడ అమృతహస్త హాస్పిటల్ వరండా. మందుల షాపు షట్టర్ పక్కన ఒక సిమెంటు బల్ల. బల్ల మీద ఇటుక. ఇటుక కింద డబ్బు.

ఎస్ఐ భాగ్యవతి ముందు ఫోటోలు తీయించింది. తర్వాత గ్లవ్స్ వేసుకుని నోట్లు లెక్కపెట్టింది. ఐదు వందలవి ఏడు. వందలవి నాలుగు. యాభై ఒకటి.

మొత్తం 3,950 రూపాయలు.

ఆమె పంతొమ్మిదేళ్ల సర్వీసులో దొంగలు డబ్బు పట్టుకుపోవడం చూసింది. పెట్టిపోయిన దొంగను చూడడం ఇదే మొదలు.

"ఈడ డబ్బా ఉండె మేడం," అన్నాడు దేవిదాస్. హాస్పిటల్ ఓనర్. డాక్టర్ కాదు. డాక్టర్లు నిజామాబాద్ నుంచి వచ్చి పోతుంటారు. "ఆయాసానికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. నూట ఇరవై సీసాలు. ఒక్కటి గూడ లేదు."

"ఎప్పుడు పోయింది?"

"నేను ఎనిమిదీ ఐదుకు వచ్చిన. అప్పటికే లేదు."

"డబ్బా ఎప్పుడొచ్చింది?"

"ఏడూ నలభైకి మేడం." ఈసారి జవాబు చెప్పింది సృజన్. ఇరవై ఆరేళ్ల ఫార్మసిస్టు. "సంతకం పెట్టి తీసుకున్న. స్టోర్ తాళం సారు దగ్గర ఉంటది. సారు వచ్చేదాక బల్ల మీద పెట్టి వార్డుల మందులు ఇయ్యవోయిన."

"కెమెరా?"

కెమెరా ఉంది. ఒక్కటే ఉంది. అది వరండా వైపు లేదు, వార్డు వైపు లేదు. క్యాష్ కౌంటర్ వైపు తిరిగి ఉంది. హాస్పిటల్లో దేన్ని కాపాడుకోవాలో దేవిదాస్‌కు బాగా తెలుసు.

"ఎవరి మీదనన్న అనుమానం ఉందా?"

దేవిదాస్ వేలు నేరుగా సృజన్ వైపు వెళ్లింది.

"వీడే. ఇంకెవరు తీస్తరు? పైసలు పెట్టి నన్ను ఎక్కిరిస్తుండు. లోపలెయ్యండ్రి మేడం. వీని సర్టిఫికెట్ రద్దయ్యేదాక నేను ఊకోను."

సృజన్ గోడకు ఆనుకున్నాడు. "మా అమ్మ బీడీలు చేసి చదివిచ్చింది మేడం నన్ను. నేను తియ్యలె."

భాగ్యవతి నోట్‌బుక్ తెరిచింది. "సొత్తు విలువ ఎంత?"

"ఎనభై ఐదు వేల రెండు వందలు."

"బిల్లు చూపించండి."

"బిల్లు డబ్బాకే కవర్ల పెట్టి అంటిస్తరు. డబ్బాతోనే వోయింది. సీసా బాక్సు మీద రేటు ఉంటది గద. ఏడు వందల పది. నూట ఇరవైతోని కొట్టండ్రి."

"అది అమ్మే ధర సార్. మీరు కొన్న ధర చెప్పండి."

"అది బిజినెస్ ముచ్చట. మీకెందుకు?"

"నాకు కావాలి. కొత్త చట్టం ప్రకారం సొత్తు విలువ ఐదు వేల లోపు ఉండి, మొదటిసారి దొంగతనం చేసినవాడు సొత్తు తిరిగి ఇస్తే సమాజ సేవతో పోతుంది. ఐదు వేలు దాటితే జైలు. మూడేళ్ల దాకా."

దేవిదాస్ ముఖంలో వెలుగు వచ్చింది.

"మూడేళ్లా? అయితే రాయండ్రి. ఎనభై ఐదు వేల రెండు వందలు. నా సంతకం తీసుకోండ్రి. ఎఫ్ఐఆర్ చెయ్యండ్రి. ఇప్పుడే కావాలె."

"ఒక్కసారి ఎఫ్ఐఆర్ అయినంక మళ్ల మీ ఇష్టం ఉండదు సార్. ఆలోచించుకోండి."

"ఆలోచించేదేంది? చెయ్యండ్రి."

9:30కి ఎఫ్ఐఆర్ రిజిస్టర్ అయింది. ఆ సీసా విలువ ఎంత అన్న ఒక్క ప్రశ్న మీద ఒక మనిషి మూడేళ్ల బతుకు ఆధారపడింది. ఆ మనిషి సృజన్ అని దేవిదాస్ అప్పటికే తీర్మానించేశాడు.

భాగ్యవతి ఇంకా ఏమీ తీర్మానించలేదు.

* * *

9:50.

డబ్బా తెచ్చినవాడిని పిలిపించారు. గౌస్ పాషా. యాభై రెండేళ్లు. ట్రాలీ ఆటో. బస్టాండ్ కార్గో కౌంటర్ నుంచి ఊళ్లో షాపులకు, దవాఖానలకు పార్సిళ్లు చేరవేస్తాడు. తెల్ల గడ్డం, ఇస్త్రీ చేసిన చొక్కా. వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పాషా భాయ్, డబ్బా ఎక్కడ దింపినవు?"

"గీ బల్ల మీదనే మేడం. ఏడూ నలభై. సృజన్ బాబు సంతకం పెట్టిండు."

"తర్వాత?"

"ఆటో మర్లేసిన. చాయ్ తాగవోయిన."

"తిరిగి పోయేటప్పుడు ఎవరినన్నా చూసినవా?"

"లేదు మేడం."

"ఎన్నేండ్ల సంది ఈ దవాఖానకు పార్సిళ్లు తెస్తున్నవు?"

"పదకొండేండ్లు."

"డబ్బాకు నీకెంత ఇస్తరు?"

"అరవై రూపాయలు కిరాయి. కార్గోల పార్సిల్ పైసలు గూడ ముందు నేనే కడ్త. రెండూ కలిపి మహీనకొక్కసారి సారు ఇస్తడు."

"సరే. ఊళ్లనే ఉండు."

"ఏడికి వోత మేడం," అన్నాడు గౌస్ పాషా. సలాం పెట్టి వెళ్లి గేటు బయట తన ఆటోలోనే కూర్చున్నాడు.

తర్వాత నర్సు సంజన. ముప్పై దాటిన మనిషి. ఆరేళ్లుగా ఇక్కడే పని. డబ్బా పోయిన సమయంలో రెండో వార్డులో నెబ్యులైజర్లు పెడుతోంది. నలుగురు పేషంట్లు సాక్ష్యం.

"ఈ ఇంజెక్షన్లు ఇన్ని ఎందుకు తెప్పించారు?"

"కోతల సీజన్ గద మేడం. ఎక్కడ చూసినా కల్లాలే. రోడ్డు మీద వడ్లు, మిల్లుల తౌడు, దుమ్ము. కోటగిరి దిక్కుకెల్లి, పెద్ద కొడప్‌గల్ దిక్కుకెల్లి ఆయాసంతోని వచ్చేటోళ్లే రోజుకు పది మంది. యాసంగి కోతలప్పుడు ఒకపారి, వానలు మొదలైనప్పుడు ఒకపారి, ఇప్పుడు ఒకపారి పెద్ద డబ్బా వస్తది."

"ఇప్పుడు పేషంట్లకు లేవా మరి?"

"పాత స్టాక్ ముప్పై సీసాలున్నయి. రెండు రోజులు నడుస్తది."

"ఈ దవాఖాన మీద పగ ఉన్నవాళ్లు ఎవరు?"

సంజన ఆమె ముఖంలోకి చూసింది. "అడ్మిషన్ రిజిస్టర్ తెచ్చియ్యాల్నా మేడం?"

పక్కన రాసుకుంటున్న కానిస్టేబుల్ భూమేశ్‌కు నవ్వొచ్చింది. భాగ్యవతికి రాలేదు.

"అంత ఏముంది ఇక్కడ?"

"డాక్టర్ సూది రాస్తడు. చీటి కౌంటర్‌కు వోతది. పైసలు కడితేనే సీసా బయటికి వస్తది. మనిషి ఊపిరాడక కొట్టుకుంటున్నా గంతే. రూపాయి తక్కువైనా సీసా రాదు. సారు ఆర్డర్." ఆమె వార్డు వైపు చూసింది. "నేను ఇంకేమన్న జెప్తే రేపు నాకు నౌకరీ ఉండదు."

* * *

10:40.

"నిజామాబాద్ ఏజెన్సీకి ఫోన్ చెయ్యి," అంది భాగ్యవతి సృజన్‌తో. "స్పీకర్‌లో పెట్టు."

"అవసరం లేదు మేడం," దేవిదాస్ అడ్డం వచ్చాడు.

"నాకుంది."

అవతల ఏజెన్సీ గుమాస్తాకు ఇక్కడ ఎవరెవరు వింటున్నారో తెలియదు. బిల్లు చూసి గడగడా చదివేశాడు. "అమృతహస్త. స్టెరాయిడ్ వయల్స్, జెనరిక్. వంద సీసాలు, ముప్పై ఆరు రూపాయల లెక్కన మూడు వేల ఆరు వందలు. స్కీమ్ కింద ఇరవై సీసాలు ఫ్రీ. జీఎస్టీ నూట ఎనభై. టోటల్ మూడు వేల ఏడు వందల ఎనభై."

ఫోన్ కట్ అయింది.

భూమేశ్ తన సెల్‌లో లెక్క కొట్టాడు. కనుబొమలు ముడేశాడు. మళ్లీ కొట్టాడు.

"ఏంది భూమేశ్?"

"తప్పు కొట్టినట్టున్న మేడం. సీసా ముప్పై ఒక్క రూపాయి యాభై పైసలు వస్తుంది."

"తప్పు కాదు," అన్నాడు సృజన్ నేల చూస్తూ. "గంతే."

ముప్పై ఒకటిన్నరకు కొన్న సీసా. ఏడు వందల పదికి అమ్మకం. దేవిదాస్ మెడలో నవరత్నాల గొలుసు ఎందుకంత బరువుగా వేలాడుతోందో భాగ్యవతికి అప్పుడు అర్థమైంది.

"ఏంది గట్ల చూస్తరు?" దేవిదాస్ గొంతు పెంచాడు. "బాక్సు మీద కంపెనీ వేసిన రేటే తీసుకుంటున్న. ఒక్క పైస ఎక్కువ తీసుకోను. కరెంటు బిల్లు ఎవరు కడ్తరు? డాక్టర్ల జీతాలెవరిస్తరు? అయినా గిదంతా పక్కన పెట్టండ్రి. కొన్న రేటు తెలిసింది ఇద్దరికే. నాకు, వీనికి. దొంగ కొన్న రేటు లెక్కేసి పైసలు పెట్టిండు. అంటే దొంగ వీడే. ఇంకా ఏం సూస్తున్నరు?"

వాదన గట్టిగానే ఉంది. పైగా పోయిన వారం ఇద్దరికీ గొడవైందని రిసెప్షన్లో అందరికీ తెలుసు. సృజనే ఒప్పుకున్నాడు. "జుక్కల్‌కెల్లి వచ్చిన ఒక ముసలాయనకు రెండు వందలు తక్కువైనయి. తగ్గిస్తనన్న. సారు అందరి ముంగట చెంప మీద కొట్టిండు."

"అంటే నీకు పగ ఉంది."

"ఉంది మేడం. అబద్ధం ఎందుకు చెప్త? కానీ డబ్బా నేను తియ్యలె."

భాగ్యవతి నోట్‌బుక్‌లో రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసుకుంది.

3,950.

3,780.

తేడా 170.

"లెక్క తప్పినట్టుండు వెధవ," అన్నాడు దేవిదాస్.

భాగ్యవతికి అలా అనిపించలేదు. యాభై నోటు కూడా వెతికి పెట్టినవాడు నూట డెబ్బై దగ్గర తప్పు చేయడు. పైగా సృజన్‌కు బిల్లులు కంఠతా వచ్చు. సృజన్ పెట్టి ఉంటే ఆ ఇటుక కింద 3,780 ఉండాలి.

ఆ నూట డెబ్బై ఎవరిది?

* * *

11:35.

బస్టాండ్‌లో కార్గో కౌంటర్. నిజామాబాద్ నుంచి వచ్చిన మొదటి బస్సు పార్సిళ్ల రసీదులు ఒక ఇనుప మేకుకు గుచ్చి ఉన్నాయి. భాగ్యవతి ఒక్కొక్కటే తిప్పింది. అమృతహస్త పేరు మీద ఒక రసీదు. దాని మీద పార్సిల్ ఛార్జీ చూసింది. కట్టినవాడి సంతకం చూసింది.

"డబ్బా తీసుకుని వెంటనే వెళ్లిపోయాడా?" అని కౌంటర్‌లో మనిషిని అడిగింది.

"లేదు మేడం. పది నిమిషాలు గా బెంచి మీద కూసున్నడు. డబ్బా మీద కవర్ల కాగితం చదువుకుంట పైసలు లెక్కవెట్టుకుంటుండె."

రసీదుకు ఫోటో తీసుకుని జీపెక్కింది. దారి పొడుగునా రోడ్డుకు ఒకపక్క వడ్లు పోసి ఉన్నాయి. ఆడవాళ్లు ముఖాలకు కొంగు చుట్టుకుని చేటలతో ఎత్తిపోస్తున్నారు. జీపు అద్దం ఎత్తినా దుమ్ము ఆగలేదు.

"మేడం, సృజన్‌ను స్టేషన్‌కు తీసుకపోదమా?" అడిగాడు భూమేశ్.

"మూడు గంటలకు అందరినీ ఆ వరండాలోనే ఉండమను."

"అందరినంటే?"

"అందరినీ. డబ్బా దింపినవాడితో సహా."

* * *

మధ్యాహ్నం 3:00.

వరండా నిండిపోయింది. పోలీసులు వచ్చారంటే వార్డుల్లోంచి పేషంట్ల మనుషులంతా బయటికొచ్చారు. చేతుల్లో మందు చీటీలు, ప్లాస్టిక్ సంచులు, టిఫిన్ డబ్బాలు. దేవిదాస్ వాళ్లను పంపేయమన్నాడు. భాగ్యవతి ఉండనిచ్చింది.

బల్లకు ఒకపక్క దేవిదాస్. ఎదురుగా సృజన్, సంజన. కాస్త దూరంగా స్తంభం దగ్గర గౌస్ పాషా.

"దేవిదాస్ గారూ, ఒక డబ్బా మీ దగ్గరికి చేరేసరికి మీకు ఎంత పడుతుంది?"

"చెప్పిన గద. బిల్లు 3,780."

"సృజన్, నువ్వు చెప్పు."

"3,780 మేడం."

"చూశారా? మీ ఇద్దరినీ నిద్రలో లేపి అడిగినా ఇదే అంకె చెప్తారు. మందు ఖరీదంటే మీకు బిల్లు. ఇటుక కింద పెట్టినవాడికి అలా కాదు. నిజామాబాద్ నుంచి బస్సులో రావడానికి పార్సిల్ ఛార్జీ నూట పది." ఆమె రసీదు ఫోటో చూపించింది. "బస్టాండ్ నుంచి ఈ బల్ల దాకా ఆటో కిరాయి అరవై. నూట డెబ్బై."

ఆమె నోట్‌బుక్ తిప్పి రెండు అంకెలూ అందరికీ చూపించింది.

"3,780కి నూట డెబ్బై కలిపితే 3,950. ఓనర్ ఆటో కిరాయిని సీసా ఖరీదులో కలపడు. ఫార్మసిస్టు కలపడు. పదకొండేళ్లుగా ఆ కిరాయి మీద బతికినవాడే కలుపుతాడు. బిల్లు కవరు డబ్బాకే ఉంటుంది. అంకెలు చదవడం వస్తే చాలు." ఆమె స్తంభం వైపు తిరిగింది. "డబ్బా దింపి, సంతకం తీసుకుని, ఆటో తిప్పుకుని, ఈ పిల్లవాడు వార్డులోకి పోగానే మళ్లీ ఎత్తుకున్నవు. అవునా పాషా భాయ్?"

గౌస్ పాషా ముందుకొచ్చాడు. ముఖంలో బెదురు లేదు.

"దొంగతనం చెయ్యలె మేడం. ఖరీదు చేసిన. సారుకు ఎంత పడ్డదో గంత పెట్టిన. పార్సిల్ పైసలు, నా కిరాయి మహీన ఆఖరుకు సారే ఇయ్యాలె గద. గందుకే గవి గూడ పెట్టిన. రేపు నాకు ఒక్క రూపాయి లాస్ అయిందని సారు అనొద్దు."

"డబ్బా ఏది?"

"నా సీటు కింద. ఎండ తగులకుండ గోనెసంచి తడిపి కప్పిన. సీల్ గూడ తియ్యలె."

భూమేశ్ పరుగెత్తాడు. పొద్దుట నుంచి గేటు బయట, పోలీసు జీపు పక్కనే నిలబడి ఉన్న ఆటోలోంచి డబ్బా దించుకొచ్చాడు. నూట ఇరవై సీసాలు. భద్రంగా ఉన్నాయి.

"ముసలి దొంగ," అన్నాడు దేవిదాస్ పళ్లు కొరుకుతూ. "పదకొండేండ్లు అన్నం పెడితే గిదా చేసేది?"

"ఎందుకు తీసినవు?" భాగ్యవతి అడిగింది.

గౌస్ పాషా ఆమెతో మాట్లాడాడు కానీ చూపు మాత్రం దేవిదాస్ మీద నుంచి తీయలేదు.

"చోటీ బీ నా భార్య మేడం. కోటగిరి రోడ్డు మీద మిల్లుల వడ్లు ఎండవోసేది. ఏప్రిల్ ఇరవై నాలుగు. పొద్దుగాల నేను గిట్లాంటి డబ్బానే తెచ్చి గీ బల్ల మీదనే దింపిన. మధ్యాహ్నం ఆమెకు ఆయాసం ఎక్కువైంది. గీడికే తీస్కొచ్చిన. డాక్టర్ రెండు సూదులు రాసిండు. మూడూ ఐదుకు కౌంటర్‌కు వచ్చిన. పద్నాలుగు వందల ఇరవై అన్నరు. నా జేబుల పన్నెండు వందలున్నయి."

సృజన్ తల వంచుకున్నాడు.

"గీ పిల్లగాడు సీసాలు తీసి చేతుల పట్టుకున్నడు. సారు కుర్చీల కూసున్నడు. లోపల పెట్టు అన్నడు. నేను కాళ్లు పట్టుకున్న. సారూ, పొద్దుగాల డబ్బా మోసుకొచ్చింది నేనే, నా కిరాయి బాకీల కోసుకోండ్రి అన్న. హిసాబ్ హిసాబే అన్నడు. రెండు వందల ఇరవై కోసం బస్టాండ్‌కు ఉరికిన. దోస్తును అడిగి తెచ్చిన. నాలుగూ యాభైకి వచ్చిన. నాలుగూ నలభైకే పానం వోయింది."

వరండాలో ఒక ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నలభై దినాలు ఇంట్ల కూసున్న. తర్వాత పనికొచ్చిన. జూన్‌ల ఒక డబ్బా మీద కవరు చినిగి బిల్లు బయటికొచ్చింది. నా భార్య బిల్లు మీదున్న మందు పేరే. నా బిడ్డ తహ్రీమ్ డిగ్రీ చదువుతది. ఆమెకు చూపిచ్చిన. ఆమె లెక్క జేసి చెప్పింది. సీసా ముప్పై ఒకటిన్నర అని." గౌస్ పాషా చొక్కా జేబు మీద చెయ్యి వేశాడు. "నా జేబుల పన్నెండు వందలు ఉండె మేడం. ముప్పై ఎనిమిది సీసాలు వచ్చేటివి. ఆమెకు రెండే కావాలె."

భాగ్యవతి పెన్ను మూత పెట్టి మళ్లీ తీసింది.

"అప్పుడు నా తాన నాలుగు వేలు లెవ్వు. జమ చేసిన. గా మందు డబ్బా మల్ల ఇయ్యాల్నే వచ్చింది."

"పాషా భాయ్, సృజన్‌ను లోపలేస్తరని తెలిసి కూడా పొద్దున ఎందుకు నోరు మూసుకున్నవు?"

"గేటు కాడనే కూసున్న మేడం. బాబును జీపు ఎక్కిస్తే నేనే వద్దునని. ముందు సారు కేసు కాగితం మీద సంతకం పెట్టాలె. అప్పటికే పెట్టిండని నాకు ఎవరు జెప్పలె. గందుకు ఆగిన. సారు సంగతి నాకు ఎరుక. చెప్పు వోయినా కేసు పెడ్తడు."

దేవిదాస్ లేచాడు. "విన్నరు గద. ఒప్పుకున్నడు. ఎనభై ఐదు వేల దొంగ. మూడేండ్లు. తీసుకపోండ్రి."

"కూర్చోండి సార్." భాగ్యవతి గొంతు పెంచలేదు. "సొత్తు విలువ అంటే మీకు పడ్డ ధర. బాక్సు మీద ధర మీ ఆశ. దానికి నేను కేసు రాయను. పాషా భాయ్, బిల్లు ఉందా?"

గౌస్ పాషా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. ఆమె అక్కడే విప్పింది.

"3,780. ఐదు వేల లోపు. సొత్తు దొరికింది. మొదటి నేరం. జైలు లేదు. కోర్టు సమాజ సేవ వేస్తుంది. ఈ బిల్లు ఛార్జిషీటుకు జత చేస్తాను. దీని గురించి మీరు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. సీసా ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్ముతున్నారు. రెండూ."

దేవిదాస్ చుట్టూ చూశాడు. చీటీలు పట్టుకున్న చేతులు చాలా ఉన్నాయి. ఆయన గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"పోనియ్ మేడం. పెద్దమనిషి. బాధల ఉన్నడు. నేను మాఫ్ చేస్తున్న. కేసు వాపస్ తీసుకుంట."

"నాకొద్దు," అన్నాడు గౌస్ పాషా.

"ఏంది?"

"నీ మాఫీ నాకొద్దు సారూ. కేసు నడవాలె. జడ్జి సారు అడుగుతడు, సీసా ఎంతకు కొన్నవని. గా ముచ్చట నీ నోటితోని చెప్పాలె. నేను ఎదురుంగ నిలవడి వినాలె. గంతకే తీసిన డబ్బా."

"మేడం, మీరన్న చెప్పండ్రి."

"పొద్దున్నే చెప్పాను సార్. ఎఫ్ఐఆర్ అయినంక కేసు మీది కాదు, సర్కారుది. తొమ్మిదిన్నరకు తొందరపెట్టింది మీరే."

బాక్సు మీది ధరకు అమ్మడం నేరం కాదు. భాగ్యవతికి అన్నిటికన్నా మండిపోయింది అక్కడే. ముప్పై ఒకటిన్నరను ఏడు వందల పది చేసినవాడిని ఆమె చేతిలో ఉన్న ఏ సెక్షనూ పట్టుకోదు. కానీ ఆయాసంతో వచ్చిన మనిషికి గంటా ముప్పై ఐదు నిమిషాలు మందు ఆపడం వేరే సంగతి.

"ఆ రోజు కేస్ షీట్ల టైం ఉంది మేడం," అంది సంజన, ఎవరూ అడగకముందే. "సూది రాసింది మూడూ ఐదు. పానం వోయింది నాలుగూ నలభై. రాసింది నేనే. నౌకరీ వోతే వోనీ. యాడ చెప్పమంటే ఆడ చెప్త."

"సీసాలు లోపల పెట్టింది నేనే," అన్నాడు సృజన్. "నేను గూడ చెప్త."

"పాషా భాయ్, రేపు పొద్దున స్టేషన్‌కు వచ్చి కంప్లైంట్ రాసివ్వు. అది ఇంకో కేసు." భాగ్యవతి దేవిదాస్ ముందు తెల్ల కాగితం పెట్టింది. "ఇప్పుడు మీ స్టేట్‌మెంట్. సీసా మీకెంత పడింది?"

దేవిదాస్ ఏదో గొణిగాడు.

"భూమేశ్‌కు వినపడలేదు సార్. రాయాల్సింది అతను."

"ముప్పై ఒకటి... యాభై పైసలు."

"పేషంట్‌కు ఎంతకు ఇస్తున్నారు?"

"ఏడు వందల పది."

భూమేశ్ రాసింది గట్టిగా చదివి వినిపించాడు. 3:34కి దేవిదాస్ సంతకం పెట్టాడు. గౌస్ పాషా రెప్ప వేయకుండా ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

జనంలోంచి ఇందాకటి ముసలావిడ కదిలింది. పెంటవ్వ, పెద్ద కొడప్‌గల్ మనిషి. ఆమె భర్త నిన్నటి నుంచి రెండో వార్డులో ఎగపోస్తున్నాడు. చేతిలో సూది కోసం రాసిన చీటీ ఉంది. నేరుగా దేవిదాస్ ముందుకొచ్చి బల్ల మీద చీటీ పరిచింది. కొంగు ముడి విప్పింది. పది రూపాయల నోట్లు మూడు, రూపాయి బిళ్లలు రెండు తీసి చీటీ మీద పెట్టింది.

"ముప్పై రెండున్నయి సారు. యాభై పైసలు నువ్వే ఉంచుకో. నా మొగనికి సూది ఇయ్యి."

దేవిదాస్ భాగ్యవతి వైపు చూశాడు. భాగ్యవతి చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన జనం వైపు చూశాడు. ఒక్కరూ కదల్లేదు. చివరికి తల ఊపాడు.

సృజన్ షాపులోకి వెళ్లి సీసా తెచ్చి సంజన చేతిలో పెట్టాడు. ఆమె వార్డులోకి పరుగెత్తింది.

పెంటవ్వ వెనక అప్పటికే పదకొండు మంది చిల్లర తీసి వరుసలో నిలబడ్డారు.